వాన మబ్బుల్లో చిన్న విమానాలే ఎందుకు కూలుతున్నాయి? మేనల్లుడి పైలట్ ట్రైనింగ్ కోసం అడుగుతున్నా

కందుకూరు_మామ

అందరికీ నమస్కారం. మా మేనల్లుడు ఇంటర్ ఎంపీసీ పూర్తి చేశాడు. పైలట్ అవుతానని ఒకటే పట్టు. మా బావకి ఇష్టమే, మా అక్క మాత్రం ససేమిరా అంటోంది. "పెద్ద విమానాల దాకా పోయేలోపు ఆ చిన్నవాటిలోనే కదా తిరగాలి, వానొస్తే పడిపోయేవి అవే కదా" అని ఆమె భయం. ఆ మాటకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. చెన్నైలో జోరు వానలో కూడా పెద్ద విమానాలు దిగుతూనే ఉంటాయి. అదే వానలో చిన్న విమానమో, హెలికాప్టరో ఎందుకు కూలిపోతుంది? యంత్రం బలం చాలదా, నడిపేవాళ్ల లోపమా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. ఇంట్లో చదివి వినిపించాలి.

గిద్దలూరు_రైలుకట్ట

మీ అక్కగారి భయం మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉందన్నా. నల్లమల మాకు పక్కనే. 2009 సెప్టెంబరు 2 పొద్దున రాజశేఖరరెడ్డి గారు బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాలో రచ్చబండకి బయల్దేరారు. గంట కూడా గడవకముందే హెలికాప్టర్‌తో సంబంధాలు తెగిపోయాయి. ఆ రోజంతా టీవీల ముందు నుంచి ఎవరూ లేవలేదు. వాన, మబ్బు, దట్టమైన అడవి. వాయుసేన వాళ్లు వెతికినా మర్నాడు పొద్దున గానీ పావురాలగుట్ట దగ్గర జాడ దొరకలేదు. అందులో ఉన్న ఐదుగురూ పోయారు. అది రెండు ఇంజిన్ల బెల్ 430, నడిపింది ఇద్దరు అనుభవజ్ఞులైన పైలట్లు. అంత ఉండి కూడా అలా ఎందుకు జరిగిందన్నది నాకూ తెలుసుకోవాలని ఉంది.

మూలాపేట_కుర్రోడు

లోక్‌సభ స్పీకర్‌గా ఉన్న బాలయోగి గారు, నటి సౌందర్య, కేంద్ర మంత్రిగా చేసిన మాధవరావు సింధియా... అందరిదీ ఇదే కదా. వాతావరణం బాగాలేనప్పుడు ఎక్కడమే.

ఆత్మకూరు_ఇన్‌స్ట్రక్టర్

మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. ఫ్లయింగ్ స్కూల్లో పిల్లలకి నేర్పడం నా పని.

మూలాపేట తమ్ముడూ, సౌందర్య గారి ప్రమాదాన్ని ఇందులో కలపొద్దు. 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరులో టేకాఫ్ అయిన కాసేపటికే ఆ సెస్నా 180 పడిపోయింది. మబ్బులో దారి తప్పిన ప్రమాదం కాదది. సింధియా గారిది మాత్రం నువ్వన్న కోవలోదే. 2001 సెప్టెంబరు 30న ఢిల్లీ నుంచి కాన్పూరు సభకి వెళ్తూ మైన్‌పురి దగ్గర చెడు వాతావరణంలో కూలింది, ఎనిమిది మంది పోయారు. వేటికవి విడదీసి చూస్తేనే మనం నేర్చుకునేది ఏదన్నా ఉంటుంది.

ఇక మామగారి ప్రశ్న. మీ అక్కగారికి ముందు ఈ ఒక్క విషయం చెప్పండి. ఇలాంటి ప్రమాదాల్లో చాలా వాటిలో ఇంజిన్ చివరి క్షణం దాకా బాగానే తిరుగుతూ ఉంటుంది. రెక్కలూ విరగవు. విమానం చెప్పినట్టు వింటూనే ఉంటుంది, నడిపే మనిషికి మాత్రం తాను ఎటు వంగి ఉన్నాడో తెలియదు.

విమానం నడపడంలో రెండు పద్ధతులున్నాయి. బయటికి చూస్తూ, నేల, ఆకాశం కలిసే గీతని ఆధారం చేసుకుని నడిపేది వీఎఫ్ఆర్. బయట ఏమీ కనపడకపోయినా ముందున్న మీటర్లని చూసి, కింద నుంచి రేడియోలో దారి చెప్పే కంట్రోలర్ సూచనలతో నడిపేది ఐఎఫ్ఆర్. ట్రైనింగ్ మొదట్లో పిల్లలు ఎగిరేది వీఎఫ్ఆర్‌లో. దానికి కచ్చితమైన హద్దులున్నాయి. మామూలుగా 10 వేల అడుగుల లోపు కనీసం 5 కిలోమీటర్ల దూరం కనపడాలి. మబ్బుకి అడ్డంగా 1,500 మీటర్లు, నిలువుగా 1,000 అడుగులు ఎడంగా ఉండాలి. ఆ హద్దులు ఊరికే పెట్టినవి కావు. వీఎఫ్ఆర్‌లో పోతూ మబ్బులో దూరినవాడికి ఏమవుతుందో చాలా ఏళ్ల కిందటే పరీక్ష చేసి చూశారు.

1954లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు మీటర్ల మీద నడపడం రాని 20 మందిని తీసుకుని, బయటికి ఏమీ కనపడకుండా చేసి విమానం నడపమన్నారు. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారు కాబట్టి ప్రాణాపాయం లేదు. ఇరవై మందిలో ఒక్కరు కూడా విమానాన్ని అదుపులో ఉంచుకోలేకపోయారు. ఒకరు 20 సెకన్లలోనే చేతులెత్తేశారు, ఎక్కువసేపు నిలబడినవారు 480 సెకన్లు. సగటు 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలు కూడా లేదు.

కారణం మన చెవి లోపల ఉంది. లోపలి చెవిలో అర్ధచంద్రాకారపు గొట్టాలు మూడుంటాయి, వాటి నిండా ద్రవం. తల తిప్పితే ఆ ద్రవం కదిలి మెదడుకి సంగతి చెబుతుంది. విమానం నెమ్మదిగా, ఒకే వేగంతో ఒక పక్కకి తిరుగుతూ ఉంటే కాసేపటికి ఆ ద్రవం కూడా గొట్టంతో సమానంగా తిరిగి నిలిచిపోతుంది. అప్పుడు శరీరం "నేను సూటిగా పోతున్నాను" అంటుంది. నిజానికి విమానం వంగి తిరుగుతూ కిందికి జారుతోంది. పైలట్ మీటర్ చూసి సరిచేస్తే, ఇప్పుడు అవతలి పక్కకి పడిపోతున్నట్టు ఒళ్లంతా చెబుతుంది. దాంతో మళ్లీ మొదటి వంపుకే తిప్పేస్తాడు. ఎత్తు తగ్గుతోందని కంట్రోల్ కాలమ్ వెనక్కి లాగితే వంపు ఇంకా బిగుసుకుంటుంది, వేగం పెరుగుతుంది. దీన్నే మృత్యు సుడి అంటారు. ఇది తెలివితక్కువతనం వల్ల వచ్చేది కాదు. చూపు ఆసరా పోతే ఎవరి చెవైనా ఇలాగే మోసం చేస్తుంది.

జువ్వలదిన్నె_పడవ

ఇన్‌స్ట్రక్టర్ అన్న చెప్పింది మాకు బాగా అర్థమవుద్ది. జనవరిలో మంచు కమ్మినప్పుడు సముద్రంలో ఉంటే ఒడ్డు కనపడదు, నీళ్లకీ ఆకాశానికీ తేడా ఉండదు. సూటిగా ఇంటికే పోతున్నామని అందరం అనుకుంటాం, దిక్సూచి చూస్తే పడవ ఎటో తిరిగిపోయి ఉంటుంది. పడవలో నలుగురూ "దిక్సూచే తప్పు" అని వాదించిన రోజులున్నాయి. మా నాన్న ఒకటే చెప్పేవాడు: ఇనుప సామాను దాని పక్కన లేకపోతే అది చెప్పిందే నిజం, నీ బుర్ర చెప్పేది కాదు. కాకపోతే మేము ఇంజిన్ ఆపి, లంగరేసి మంచు విడేదాకా కూర్చోవచ్చు. పైన ఆ వీలు లేదు కదన్నా. అదే భయం.

ఆత్మకూరు_ఇన్‌స్ట్రక్టర్

అవును తమ్ముడూ, మీ నాన్నగారు చెప్పిందే మేము మొదటి రోజు నుంచి పిల్లలకి నూరిపోస్తాం. మీటర్లని నమ్ము, ఒంటిని నమ్మకు. విమానానికి ఆగే వీలు లేదు, నిజమే. వెనక్కి తిరిగే వీలుంది. మామూలు పద్ధతి ప్రకారం సెకనుకి మూడు డిగ్రీల చొప్పున తిరిగితే వచ్చిన దారికి మళ్లడానికి ఒక్క నిమిషం చాలు. ఇందాక చెప్పిన 1954 ప్రయోగం కూడా అందుకోసమే చేశారు. మీటర్లు చూస్తూ ఆ ఒక్క మలుపు క్షేమంగా తిప్పి బయటపడటం మామూలు పైలట్లకి నేర్పొచ్చా లేదా అన్నదే వాళ్ల అసలు ప్రశ్న. నేర్పొచ్చని తేలింది. ఇప్పుడు మేమూ నేర్పుతున్నాం. అయితే ఆ మలుపు మబ్బులోకి దూరకముందే తిప్పితే అసలు ఏ నైపుణ్యం అక్కర్లేదు.

ఒంగోలు_టీచరమ్మ

మీ వివరణకి ధన్యవాదాలు సార్. నాకు ఒక సందేహం. నేర్చుకునే పిల్లల సంగతి సరే. 20, 30 ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు, మీటర్ల మీద నడపడం వచ్చినవాళ్లు కూడా ఇలాగే పోయారు కదా. కూనూరులో జనరల్ బిపిన్ రావత్ గారి హెలికాప్టర్ నడిపింది వాయుసేనలో ఎంపిక చేసిన పైలట్లు. వాళ్లకి రాకనా?

ఆత్మకూరు_ఇన్‌స్ట్రక్టర్

అమ్మా, అసలు అడగాల్సిన ప్రశ్న ఇదే.

కూనూరు ప్రమాదం 2021 డిసెంబరు 8న జరిగింది. 14 మంది పోయారు. యంత్ర లోపం లేదు, కుట్ర లేదు, నిర్లక్ష్యం లేదు అని దర్యాప్తు తేల్చింది. లోయలో అనుకోకుండా వాతావరణం మారి హెలికాప్టర్ మబ్బులోకి వెళ్లింది, పైలట్‌కి దిక్కు తెలియని స్థితి వచ్చి కొండ నేలని తాకింది. కొండల్లో సమయం చాలా తక్కువ. పక్కనే నేల లేచి వస్తూ ఉంటుంది.

ఇంకో ఉదాహరణ చెబుతాను. 2020 జనవరి 26న లాస్ ఏంజెలెస్ దగ్గర బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్, ఆయన కూతురితో సహా తొమ్మిది మంది పోయారు. ఆ పైలట్‌కి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే మీటర్ల మీద నడిపే అర్హత, ఉంది, వేల గంటల అనుభవం ఉంది. కానీ ఆ సంస్థకి అనుమతి ఉన్నది వీఎఫ్ఆర్ ప్రయాణాలకే. పొగమంచు కింద కొండల మధ్య రోడ్డు వెంట పోతూ, ఇక లాభం లేదని మబ్బుని దాటి పైకి పోదామనుకున్నాడు. 4,000 అడుగులకి ఎక్కుతున్నానని కంట్రోలర్‌కి చెప్పాడు. ఆ మాట చెప్పే సమయానికే హెలికాప్టర్ ఎడమకి వంగి కిందికి దిగిపోతోంది. అబద్ధం చెప్పలేదమ్మా, ఆయన శరీరం ఆయనకి ఎక్కుతున్నట్టే చెప్పింది. చూపు మీద నడుపుతున్న మనిషి ఒక్కసారిగా మీటర్ల మీదికి మారాలంటే మనసు ముందే సిద్ధమై ఉండాలి. "ఇంకొంచెం ముందుకి పోతే తెరిపిస్తుందేమో" అనుకుంటూ పోయినవాడు ఆ మార్పుకి సిద్ధంగా ఉండడు.

గిద్దలూరు తమ్ముడు అడిగినదానికీ ఇక్కడే సమాధానం ఉంది. రాజశేఖరరెడ్డి గారి ప్రమాదం మీద త్యాగి కమిటీ దర్యాప్తు చేసింది. గేర్‌బాక్స్ ఆయిల్ ప్రెషర్‌కి సంబంధించిన హెచ్చరిక ఒకటి వస్తే పైలట్లిద్దరూ దాని గురించి పుస్తకం చూసుకోవడంలో పడ్డారని, చుట్టూ ఉన్న భయంకరమైన వాతావరణం మీద దృష్టి తగ్గిందని ఆ నివేదిక సారాంశం. మంచి వాతావరణంలో ఆ హెచ్చరిక వచ్చుంటే ఎక్కడో ఒక చోట దిగి చూసుకునేవాళ్లు. చెడు వాతావరణం చిన్న సమస్యకి కూడా సమయం ఇవ్వదు.

మూలాపేట_కుర్రోడు

ఆ ప్రమాదం మీద చాలా అనుమానాలు ఉన్నాయి కదా సార్, అప్పట్లో టీవీల్లో కూడా...

నిర్వాహకులు

ఆ అనుమానాల చర్చ ఇక్కడ వద్దు. మామగారు ఒక కుర్రాడి భవిష్యత్తు గురించి అడిగారు, దర్యాప్తుల్లో తేలిన విషయాల మీదే మాట్లాడుకుందాం.

ఇందుకూరుపేట_ఆక్వా

బాలయోగి గారి సంగతి ఎవరూ రాయలేదు. 2002 మార్చి 3న భీమవరం నుంచి బయల్దేరి కైకలూరు దగ్గర చేపల చెరువులో పడింది ఆయన హెలికాప్టర్. పొద్దునపూట చెరువుల మీద మంచు ఎలా పరుచుకుంటుందో రొయ్యల సాగు చేసే మాకు తెలుసు. గట్టు మీద నిలబడినా నీళ్లెక్కడ మొదలయ్యాయో తెలియదు. గాలి లేని రోజు నీళ్లు కదలవు, లోతూ ఎత్తూ ఏదీ అంచనాకి రాదు. మా ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు మండలాల్లో వేల ఎకరాలు ఇప్పుడు చెరువులే. కింద పొలం ఉందని దిగడానికి వస్తే అది చెరువు కావచ్చు. ఈ ప్రాంతం మీదుగా తక్కువ ఎత్తులో పోయేవాళ్లకి ఇది ఎవరైనా చెబుతున్నారా?

ఆత్మకూరు_ఇన్‌స్ట్రక్టర్

కదలని నీళ్ల మీద ఎత్తు అంచనా తప్పుతుందన్నది సీప్లేన్ నడిపేవాళ్లకి పాఠంగా చెబుతారు. మన కోస్తాలో ఎగిరే హెలికాప్టర్ పైలట్లందరికీ అది తెలిసి ఉండాలి. మంచి మాట గుర్తు చేశారు.

వాయుగుండం_వాచర్

నేను నెల్లూరులో ఉంటాను. వాతావరణ మ్యాపులు చూడటం నాకు అలవాటు. మన నెల్లూరు, ప్రకాశం వైపు సంగతి కొంచెం వేరు, అది కూడా మేనల్లుడికి తెలియాలి.

రాష్ట్రంలో చాలా చోట్ల జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. మనకి, ముఖ్యంగా నెల్లూరుకి, అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. బంగాళాఖాతంలో అల్పపీడనం, వాయుగుండం, తుపాను ఒకదాని వెనక ఒకటి. ఆ రోజుల్లో మబ్బు బాగా కిందికి దిగి ఉంటుంది. పడమటి వైపు ఉదయగిరి, పెంచలకోన దగ్గర వెలికొండలు, ఇంకా పైకి పోతే నల్లమల. ఉదయగిరి దుర్గం ఎత్తు సుమారు 3 వేల అడుగులు. సముద్రం వైపు నుంచి వచ్చే తేమ గాలి ఆ కొండలకి తగిలి పైకి లేస్తుంది, మబ్బు కొండ మీదే కూర్చుంటుంది. కావలిలో మబ్బు కింద చక్కగా ఎగిరే విమానం అదే ఎత్తులో పడమటికి పోతే కొండ, మబ్బు కలిసిన చోటికి చేరుతుంది.

ఇంకోటి ఎండాకాలం సాయంత్రాలు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా నిర్మలంగా ఉండి, మూడు నాలుగు గంటలకి క్యుములోనింబస్ మేఘాలు, అంటే ఉరుములు మెరుపుల మేఘాలు, లేస్తాయి. వాటి తల 40 వేల అడుగులు దాటుతుంది. లోపల గాలి పైకీ కిందికీ ఎంత జోరుగా ఉంటుందంటే పెద్ద విమానాలు కూడా రాడార్‌లో చూసి చుట్టు తిరిగి పోతాయి. "పెద్దవి వానలో పోతాయి కదా" అని మామగారు రాశారు. మామూలు వానలో పోతాయి, ఈ మేఘాల్లోకి అవీ పోవు.

శ్రీహరికోటలో, చెన్నైలో, మచిలీపట్నంలో డాప్లర్ రాడార్లు ఉన్నాయి కాబట్టి వాన ఎక్కడుందో బాగానే తెలుస్తుంది. మబ్బు నేలకి ఎంత ఎత్తులో ఉంది, ఎంత దూరం కనపడుతోంది అన్నవి మాత్రం విమానాశ్రయాల్లో కొలిచి చెబుతారు. రేణిగుంట దాటితే మళ్లీ గన్నవరం దాకా కోస్తా వెంట ప్రయాణికుల విమానాశ్రయం లేదు. దగదర్తి విమానాశ్రయం ఇంకా రావాలి. 2022 డిసెంబరులో కొరిశపాడు దగ్గర హైవే మీద వాయుసేన విమానాలతో ట్రయల్ చేశారు, కానీ అది అత్యవసరానికి కట్టిన రన్‌వే. అంటే మధ్యలో ఉన్న ఈ పొడవాటి తీరం మీద చిన్న విమానం పైలట్ తన కళ్లతో చూసిందే ఆధారం. విమానాశ్రయం గురించి మాట్లాడేటప్పుడు అందరూ ప్రయాణికుల లెక్కలు చెబుతారు. నాకు మాత్రం అక్కడ పెట్టే వాతావరణ పరికరాలు ఎప్పుడొస్తాయా అని ఉంటుంది.

మార్కాపురం_పలక

హెలికాప్టర్ ఎక్కడైనా దిగొచ్చు కదా? విమానానికి రన్‌వే కావాలి, సరే. హెలికాప్టర్ వాళ్లు మబ్బు కనపడగానే ఏ పొలంలోనో దించేస్తే పోయేది కదా.

ఆత్మకూరు_ఇన్‌స్ట్రక్టర్

మీరన్నది అక్షరాలా నిజం. నాకు బాధ కలిగించేది కూడా అదే. పత్తి చేలో దిగితే ఏమవుతుంది? రైతుకి కాస్త నష్టం, పేపర్లో ఒక ఫోటో, నాలుగు ప్రశ్నలు. ఎందుకు దించరో యంత్రం తెలిసిన నాకంటే, కింద ఎదురుచూసే జనం మధ్య పని చేసినవాళ్లు బాగా చెప్పగలరు.

కనిగిరి_రిటైర్డ్

నేను రెవెన్యూలో పని చేసి రిటైరయ్యాను. ఎన్నికలప్పుడు, పర్యటనలప్పుడు హెలిపాడ్ ఏర్పాట్లు మా మీదే పడేవి. సున్నంతో గుర్తు వేయించడం, గాలి గొట్టం కట్టించడం, ఫైర్ ఇంజిన్, అంబులెన్స్, దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టించడం. జనం పొద్దున్నించి ఎండలో కూర్చుంటారు. ఆలస్యమయ్యే కొద్దీ నాయకుల ఫోన్లు పెరుగుతాయి. "ఇంకా బయల్దేరలేదా, పైలట్ ఏమంటాడు, మబ్బు పోయిందిగా" అని. ఇక్కడ మబ్బు పోతే సరిపోదు, దారిలో ఉందా లేదా అన్నది ఆ కుర్చీలో కూర్చున్నవాడికే తెలుస్తుంది.

ఒకసారి సభ అయ్యేసరికి సాయంత్రమైంది, పడమట మబ్బు పట్టింది. పొద్దుగూకాక వీఎఫ్ఆర్‌లో పోకూడదని నిబంధన ఉందట. పైలట్ చేతులు కట్టుకుని "నేను తీయను సార్" అన్నాడు. ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు. స్థానిక నాయకులు కేకలేశారు, వేరే పైలట్‌ని పిలిపిస్తామన్నారు. ఆ వచ్చిన పెద్దమనిషి మాత్రం ఏమీ అనకుండా కారెక్కి రోడ్డు మీద ఒంగోలు వెళ్లిపోయారు. ఆ రాత్రి కుండపోత. ఆ పైలట్‌కి నేను మనసులో దండం పెట్టుకున్నాను. కారెక్కిన ఆయనకి కూడా. తన కోపం చూపించి ఉంటే ఆ పైలట్ ఎంతసేపు నిలబడగలిగేవాడో చెప్పలేను.

ఒంగోలు_టీచరమ్మ

మీరు రాసింది చదివాక మా ఇంట్లో విషయం చెప్పాలనిపించింది. మేము చార్‌ధామ్ వెళ్దామనుకుంటున్నాం, మా అత్తగారు నడవలేరు కాబట్టి కేదార్‌నాథ్‌కి హెలికాప్టర్. 2022 అక్టోబరు 18న గరుడ్‌చట్టి దగ్గర, 2025 జూన్ 15న గౌరీకుండ్ దగ్గర ఏడుగురు చొప్పున పోయారు. రెండుసార్లూ కొండల్లో మంచు, మబ్బు అనే చదివాను. వెళ్లాలా మానాలా?

ఆత్మకూరు_ఇన్‌స్ట్రక్టర్

వెళ్లండమ్మా, కానీ రెండు మూడు రోజులు ఖాళీ పెట్టుకుని వెళ్లండి. తిరుగు రైలు మర్నాడే ఉంటే మీకు తెలియకుండానే కౌంటర్ దగ్గర గొడవపడతారు. "ఈ రోజు సర్వీసు లేదు" అంటే డబ్బు వెనక్కి తీసుకుని గదికి పోవాలి. పక్కవాళ్లు గొడవ చేస్తుంటే అందులో కలవొద్దు. వాళ్లని ఆపగలిగితే ఆపండి.

కందుకూరు_మామ

అందరి మాటలూ అక్కకి చదివి వినిపించాను. ఆత్మకూరు సార్ రాసింది రెండుసార్లు చదివించుకుంది. "అయితే వాడు వెనక్కి తిరిగి రావడం నేర్చుకుంటాడా" అని అడిగింది. ఒప్పుకుందని చెప్పను, కానీ మొదటి రోజున్న పట్టు లేదు. సార్, స్కూల్లో చేర్చే ముందు మేము ఏం చూడాలి? ఫీజులు లక్షల్లో ఉన్నాయి, ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

ఆత్మకూరు_ఇన్‌స్ట్రక్టర్

ఎన్ని నెలల్లో పూర్తి చేయిస్తారు అన్నది మొదటి ప్రశ్నగా అడగకండి. సీపీఎల్‌కి, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకి, 200 గంటలు ఎగరాలి. తక్కువ నెలల్లో ముగిస్తామని గట్టిగా మాట ఇచ్చేవాళ్లు వాన రోజుల్ని ఏం చేస్తారో ఆలోచించండి. వాతావరణం బాగాలేదని ఫ్లయింగ్ ఆపే అధికారం ఎవరికుందో అడగండి. ఇన్‌స్ట్రక్టర్ ఆపేశాక ఆఫీసు వాళ్లు ఒత్తిడి పెడతారా అని అక్కడ చదివే పిల్లల్ని విడిగా అడగండి, వాళ్లు నిజం చెబుతారు. సిమ్యులేటర్ ఉందా, ఉంటే అది పని చేస్తోందా చూడండి. మీటర్ల మీద మలుపు తిప్పే అభ్యాసం మొక్కుబడిగా ముగిస్తున్నారా, పదే పదే చేయిస్తున్నారా కనుక్కోండి.

మీ వైపు నుంచి కూడా ఒకటి కావాలి. వానాకాలంలో వారాల తరబడి గంటలు పెరగవు. అప్పుడు ఇంటి నుంచి ఫోన్ చేసి "పక్కవాడికి ఎన్ని గంటలయ్యాయి, నీకెందుకు అవలేదు, వడ్డీ పెరుగుతోంది" అనొద్దు. ఆ మాట పిల్లాడి చెవిలో ఉండగా ఒంటరిగా ఎగిరితే, ముందు మబ్బు కనపడినప్పుడు వాడు ఇంకొంచెం ముందుకే పోతాడు. బావగారికి ఇది మీరే చెప్పండి.

కందుకూరు_మామ

చెబుతాను సార్. వడ్డీ మాట మా బావ నోట్లోంచి కచ్చితంగా వచ్చేదే.

జువ్వలదిన్నె_పడవ

మామా, అబ్బాయికి నీళ్లు, ఎత్తు అంటే భయముందో లేదో కూడా చూసుకోండి. తుపాను హెచ్చరిక జెండా ఎగరేసినప్పుడు పడవ తీయమన్నవాళ్లని మా ఊళ్లో పెద్దలే ఆపుతారు. వాడికీ అలాంటి పెద్ద ఒకరు ఉండాలి అక్కడ.

ఆత్మకూరు_ఇన్‌స్ట్రక్టర్

ఇంకో సంగతి మామా, ఫీజు కట్టకముందే డీజీసీఏ (పైలట్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) క్లాస్ 2 మెడికల్ చేయించండి. తర్వాత సీపీఎల్‌కి క్లాస్ 1 కావాలి. కళ్లలో రంగుల తేడా తెలుసుకునే పరీక్షలో కొందరు ఆగిపోతారు. సగం డబ్బు కట్టాక ఆ సంగతి తెలిస్తే చాలా కష్టం. డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టర్ల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, మధ్యవర్తులు అక్కర్లేదు. ఆదివారం సాయంత్రం నేను ఖాళీ. అబ్బాయితో ఇక్కడే ఒక ఖాతా తెరిపించండి, వాడి ప్రశ్నలు వాడినే అడగమనండి.